బర్త్‌డే ప్లేటు: ఒక బొగ్గు ఊరి తారీఖులు

1980ల్లో గోదావరిఖని సింగరేణి క్వార్టర్లలో పెరిగిన ఎవరినైనా అడగండి, బర్త్‌డే ప్లేటులో ఏముండేదని. తడుముకోకుండా చెప్తారు. ఒక కేకు ముక్క, గుప్పెడు మిక్చర్, ఒక బూంది లడ్డూ, ఒక అరటిపండు, స్టీలు గ్లాసులో రస్నా. కాస్త కలిగినోళ్ల ఇంట్లో అయితే సమోసా. ప్లేటు వెండిరంగు పూసిన అట్టది. రస్నా చుక్క పడితే మెత్తబడి మధ్యలోకి వంగేది. కేకు మీదున్న క్రీము గులాబీ ఎవరి ముక్కతో పోతుందన్నది ఆ సాయంత్రానికి పెద్ద పంచాయితీ.

ఇందులో ప్రత్యేకత ఏముంది, విజయవాడలోనూ ఇదే, విశాఖలోనూ ఇదే కదా అంటారేమో. నిజమే, ఆ కాలంలో దేశంలో సగం ఊళ్లలో ఇదే ప్లేటు. కానీ ఒకే ప్లేటు ఒక్కో ఊరికి ఒక్కో దారిలో వస్తుంది. మా ఊరికి అది బొగ్గుబాయి మీదుగా వచ్చింది. అది రావాలంటే ముందు జీతం రావాలి, దవాఖానా రావాలి, అన్నిటికంటే ముందు తారీఖు రావాలి. పుట్టిన తారీఖు తెలియని మనిషికి కేకు ఏ రోజు కోస్తారు?

తారీఖు లేని మనుషులు

మా బాపు తరానికి పుట్టినరోజు అనే పండుగ లేదు. దావత్‌లు లేవని కాదు, బోలెడు ఉండేవి. పురుడు, ఇరవయ్యొకటో రోజు తొట్టెల, వేములవాడ రాజన్న దగ్గర పుట్టెంట్రుకలు. పిల్లల చుట్టూ జరిగే ఈ దావత్‌లు బిడ్డ బతికి బట్టకట్టిన మెట్లను గుర్తుపెట్టుకుంటాయి, క్యాలెండరును కాదు. పుట్టెంట్రుకలు ఎప్పుడు తీస్తారంటే మొక్కు తీర్చే పైసలు చేతికొచ్చినప్పుడు, యాటను కోసే స్థోమత కుదిరినప్పుడు. తిండి కూడా దానికి తగ్గట్టే. మోదుగాకు విస్తరిలో బగారా అన్నం, యాట కూర. చుట్టాలు తెచ్చే సకినాలు, గారెలు, అరిసెలు, గరిజెలు. ఊరు ఊరంతా తినేది, బిడ్డ మాత్రం ఏడ్చి నిద్రపోయేది.

"బాపు ఎప్పుడు పుట్టిండు?" అని మా నానమ్మను అడిగితే తారీఖు చెప్పేది కాదు. చెరువు తెగిన ఏడాది అనేది, మక్కలు ఇరిసే రోజులనేది, పక్కింటి ఫలానా వాడికంటే ఆరు నెలలు పెద్ద అనేది. ఊర్లో బతకడానికి ఆ లెక్క సరిపోతుంది. కంపెనీకి సరిపోదు.

1952 గనుల చట్టం ప్రకారం ప్రతి గనిలో కార్మికుల రిజిస్టరు ఉండాల్సి ఉండేది. దాన్ని ఫారం-బి అనేవారు. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, వేలిముద్ర అన్నీ అందులో ఉండేవి. బడి మొహం చూడని మనిషి బాయిలో చేరేటప్పుడు మనిషిని చూసి, పళ్లు చూసి, ఒళ్లు చూసి వయసు అంచనా కట్టి రాసేవారు. సంవత్సరం ఒక్కటే తెలిస్తే జూలై 1 వేసుకోవడం సర్కారు కొలువుల్లో పాత పద్ధతి. మా బాపు పుట్టినరోజు కూడా కాగితం మీద జూలై 1. మా వరుసలో ఇంకో నలుగురిది కూడా అదే. చిన్నప్పుడు మేము నవ్వుకునేవాళ్లం, ఒక్కరోజే ఇంతమంది పుట్టారా అని.

ఆ తారీఖు మామూలుది కాదు. రిటైర్మెంట్ దాని మీద ఆధారపడుతుంది. రెండేళ్లు ఎక్కువ రాస్తే రెండేళ్ల జీతం పోయినట్టు. కొడుక్కి ఉద్యోగం ఇప్పించుకునే అవకాశం కూడా ఇలాంటి వయసు లెక్కల మీదే తిరుగుతుంది. అందుకే బొగ్గు పరిశ్రమలో వయసు తగాదాలు ఎంతగా పెరిగాయంటే, 1988లో వేతన ఒప్పందాల కమిటీ దీని కోసమే 76వ నంబరు అమలు ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. ఏ కాగితం చెల్లుతుంది, ఏ కాగితమూ లేకపోతే మెడికల్ బోర్డు వయసు ఎట్లా నిర్ణయించాలి అన్నది దాని సారాంశం. యూనియన్ ఆఫీసుల్లో ఆ నంబరును జనం దేవుడి పేరులాగా పలికేవారు.

అంటే మా బాపుకు పుట్టిన తారీఖు ఉంది. కానీ అది పండుగ చేసుకునే తారీఖు కాదు, దరఖాస్తు పెట్టుకునే తారీఖు. మా ఇంటిలో నిజంగా పుట్టిన రోజున పుట్టినరోజు ఉన్న మొదటి మనుషులం మేం పిల్లలమే.

జీతం, దవాఖానా, క్వార్టరు

కొంచెం వెనక్కి పోదాం. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ కనుక్కున్నాడు. 1886లో ఇంగ్లండులో రిజిస్టరైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి తవ్వే హక్కులు వచ్చాయి. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇప్పటికీ ఆ రోజే సింగరేణి డే. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొన్నది. ఇప్పుడు వాటాలు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. ఇంత పెద్ద చరిత్రలో గోదావరిఖని ఆలస్యంగా వచ్చిన బిడ్డ. ఇక్కడ గనులు మొదలైంది 1960ల మొదట్లో. అంతకుముందు ఇది గోదావరి ఒడ్డున అడవి, కొన్ని పల్లెలు.

మొదటి తరం తట్టా చెమ్మస్ తరం. బొగ్గును చెమ్మస్‌తో తట్టలోకి ఎత్తి, తట్టను నెత్తిన పెట్టుకుని టబ్బు నింపేవాళ్లు. ఆ తరం జీతంతో కేకులు కోయడం కుదిరే పని కాదు. మలుపు 1975 జనవరి 1న వచ్చింది. ఆ రోజు నుంచి మొదటి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం అమలైంది. దేశంలోని బొగ్గు కార్మికులందరికీ ఒక వేతన చట్రం ఏర్పడింది. తర్వాత వచ్చిన ఒప్పందాల్లో జీతాలు పెరిగాయి. ఇవి ఎవరూ దయతలచి ఇచ్చినవి కావు. సమ్మెకు పోతే ఎనిమిది రోజుల జీతం కోస్తామన్నందుకు 1981లో సింగరేణి కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. ఆ రెండు నెలలూ ఉద్దెర ఇచ్చిన కిరాణా కొట్ల పేర్లు మా అమ్మకు ఇప్పటికీ గుర్తే.

రెండోది దవాఖానా. మా అక్క మా అమ్మ పుట్టింట్లో, మంత్రసాని చేతుల్లో పుట్టింది. నేను కంపెనీ దవాఖానాలో పుట్టాను. అక్క పుట్టిన రోజు "పీర్ల పండుగ అయిన మూడో నాడు." నా పుట్టిన రోజుకు గంట, నిమిషం కూడా ఉన్నాయి. జనన మరణాల నమోదు చట్టం దేశంలో 1969లోనే వచ్చింది గానీ, మా ఇంటి దాకా అది వచ్చింది కంపెనీ నర్సు రాతతోనే.

మూడోది క్వార్టరు. పల్లెలో అయితే ఏ కులం వాడ ఆ కులానిదే. కాలనీలో క్వార్టరు నంబరు ప్రకారం వస్తుంది. యైటింక్లయిన్ కాలనీలోనో, పవర్ హౌస్ కాలనీలోనో ఒక వరుసలో మాదిగ ఇల్లు, దాని పక్కన మున్నూరు కాపు ఇల్లు, ఆ పక్కన పద్మశాలి ఇల్లు, చివరన శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు. గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒకరింట్లో పోపు వేస్తే రెండో ఇంట్లో తుమ్ములొస్తాయి. ఈ మూడూ కలిసిన చోట బర్త్‌డే పుట్టింది.

ప్లేటులో ఒక్కొక్కటి

కేకుతోనే మొదలుపెడదాం. మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకు 1883లో కేరళ తలశ్శేరిలో మంబళ్లి బాపు అనే బేకరీ యజమాని చేశాడని చెప్తారు. హైదరాబాద్‌లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ 1953లో మొదలైంది. దేశ విభజనలో సింధ్ నుంచి వచ్చిన కుటుంబం పెట్టింది. వాటితో పోలిస్తే మా ఊరి బేకరీలు ఏ చరిత్రకూ ఎక్కనివి. లక్ష్మీనగర్‌లోనో చౌరస్తాలోనో చిన్న షట్టరు, ముందర అద్దాల బీరువా, అందులో పఫ్‌లు, దిల్‌పసంద్, టోస్టు. కేకు కావాలంటే ముందురోజు పేరు రాసిచ్చి రావాలి. ఆ పేరు తెలుగు నుంచి ఇంగ్లీషుకు మారే దారిలో ఒక అక్షరమైనా జారిపోయేది. నా పేరు మూడేళ్లు మూడు రకాలుగా తిన్నాం.

ఆ కేకు మీద క్రీము అసలు క్రీము కాదు, బటరు అంతకన్నా కాదు. వనస్పతి, పొడి చక్కెర కలిపి గిలక్కొట్టింది. డాల్డా 1937లో మార్కెట్లోకి వచ్చింది. నూనెకు హైడ్రోజన్ పట్టించి గడ్డకట్టించడం అప్పట్లో కొత్త సాంకేతికత. నెయ్యిలో దాన్ని కల్తీ చేయకుండా ఉండడానికి సర్కారు ఒక ఉపాయం చేసింది. వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె కలపాలని నియమం పెట్టింది. రసాయన పరీక్షలో నువ్వుల నూనె ఎర్రరంగు చూపిస్తుంది కాబట్టి నెయ్యిలో వనస్పతి కలిస్తే దొరికిపోతుంది. అంటే మేము తిన్న ఆ క్రీము గులాబీలో కూడా కాసింత నువ్వుల నూనె ఉండే ఉంటుంది. సకినాల్లో నువ్వులు, కేకులో నువ్వుల నూనె. మా నానమ్మకు ఈ మాట చెప్పి ఉంటే కేకు మీద కోపం కొంత తగ్గేదేమో.

వనస్పతి కరిగే ఉష్ణోగ్రత 31 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలన్నది ఇంకో నియమం. మా ఊరి మే నెల ఎండ 45 దాటుతుంది. ఎండాకాలం పుట్టిన పిల్లల కేకు మీద గులాబీలు సాయంత్రానికి మందారాల్లాగా వాలిపోయేవి. అయినా అసలు క్రీము కంటే అదే నయం, కాసేపైనా నిలబడేది. మా ఊళ్లో బేకరీవాళ్లు వనస్పతిని ఎంచుకున్నది చవక అని మాత్రమే కాదు, ఎండకు తట్టుకుంటుందని కూడా.

ఇక కేకు మీది ఎర్రటి చెర్రీ. అది చెర్రీ కాదు, ఎక్కువగా వాక్కాయ. గింజ తీసి చక్కెర పాకంలో నానబెట్టి ఎర్రరంగు వేసింది. కేకు లోపల పచ్చగా, ఎర్రగా తగిలే టూటీ ఫ్రూటీ పచ్చి బొప్పాయి ముక్కలు. ఎక్కడి నుంచో వచ్చిన విదేశీ తిండి అనుకుని మేము గొప్పగా తిన్నది మన బొప్పాయి, మన వాక్కాయ.

మిక్చర్, లడ్డూ మిఠాయి దుకాణం నుంచి కిలోల్లెక్కన వచ్చేవి. శనగపిండి వండిన రెండు రూపాలు, ఒకటి తీపి, ఒకటి కారం. వాటితో పని ఏమిటంటే ప్లేటు నిండినట్టు కనిపించడం. ఎందరు పిల్లలు వస్తారో తెలియని ఇంట్లో కేకు ముక్కలు సన్నబడుతున్నకొద్దీ మిక్చర్ గుప్పెడు పెద్దదయ్యేది. ఆ లెక్క చేయడంలో మా అమ్మ ఏ అకౌంటెంటుకూ తీసిపోదు.

రస్నాది వేరే కథ. 1977లో కోకా కోలా దేశం వదిలి వెళ్లింది. ఆ ఖాళీలో థమ్సప్ వచ్చింది, గోల్డ్ స్పాట్ బలపడింది. కానీ పాతికమంది పిల్లలకు సీసాలు కొనిచ్చే తాకత్ ఎవరికి ఉంది? అహ్మదాబాద్ నుంచి వచ్చిన రస్నా సరిగ్గా ఆ లెక్కను పట్టుకుంది. అయిదు రూపాయల ప్యాకెట్, 32 గ్లాసులు. దాన్ని కనిపెట్టిన అరీజ్ ఖంబట్టా 2022లో చనిపోయినప్పుడు మా స్కూల్ గ్రూపులో జనం ఒక కాకా పోయినట్టు బాధపడ్డారు. మా కాలనీలో ఒక ప్యాకెట్ 32 గ్లాసుల దగ్గర ఆగేది కాదు. యాభై గ్లాసుల దాకా సాగేది. రంగు ఉంటే చాలు, రుచి ఎవరడిగారు.

ఎవరింట్లో ఎవరు తింటారు

ఈ వ్యాసం రాయడానికి నన్ను కూర్చోబెట్టిన సంగతి ఇది. పైన చెప్పిన ప్లేటులో ఇంట్లో వండింది ఒక్కటి కూడా లేదు. గమనించారా? వంటలు రాక కాదు. సకినాలు, గారెలు చేయడంలో ఆ వరుసలో ప్రతి ఇల్లాలూ చేయి తిరిగిన మనిషే. మరి పిల్లల పండుగ రోజున మొత్తం దుకాణం నుంచి ఎందుకు వచ్చింది?

పైసలున్నాయని చూపించుకోవడానికి అనేది ఒక జవాబు. టీవీలో, సినిమాల్లో చూసి అనేది ఇంకొకటి. రెండూ నిజమే. మూడోది ఎవరూ పైకి అనేవారు కాదు. వరుసలో కొన్ని ఇళ్లల్లో వండింది కొందరు తినేవారు కాదు. గోడలు ఆనుకుని ఉన్నా, భర్తలు ఒకే బాయిలో, ఒకే పాళీలో దిగినా, ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టుకుని పని చేసినా, ఇంట్లో గిన్నెల దగ్గరికొచ్చేసరికి పల్లె మళ్లీ తలెత్తేది. పండుగకు పంపిన గారెలను తీసుకుని, తలుపు వేశాక పనిమనిషికి ఇచ్చేసిన ఇళ్లు ఉన్నాయి. పంపిన ఇంటికీ ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా మరుసటి ఏడు పంపేవారు. లేదా పంపడం మానేసేవారు.

బేకరీ కేకుకు ఆ గొడవ లేదు. దాన్ని ఎవరు పిసికారో, ఏ చేయి క్రీము పూసిందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. మిక్చర్ ఏ కడాయిలో వేగిందో అంతకన్నా తెలియదు. రస్నా పొడి అహ్మదాబాద్‌లో పుట్టింది. కాకపోతే నీళ్లు ఈ ఇంటివే. అందుకేనేమో, కొందరు అమ్మలు తమ పిల్లలకు "కేకు తిను, రస్నా వద్దను" అని చెప్పి పంపేవారు. అయినా తాగకుండా వచ్చిన పిల్లలు ఎవరూ లేరు. పై పెదవి మీద నారింజ రంగు మీసంతో ఇంటికి పోయి నోరు కడుక్కునేవారు.

పుట్టినరోజు అన్నది పాత మర్యాదలు లేని కొత్త పండుగ. పెండ్లికి ఎవరిని పిలవాలో, ఎవరు ఏ పంక్తిలో కూర్చోవాలో నానమ్మలకు తెలుసు. బర్త్‌డేకి ఏ పద్ధతీ లేదు, పిల్లలే పద్ధతి. క్లాసులో పక్కన కూర్చున్నవాడు వస్తాడు. మా నానమ్మ ఎదిరించిందల్లా ఒక్కటే: "మంగళంగ దీపం ముట్టిస్తరు గని ఊది ఆర్పుడేందిరా?" చివరికి సంధి కుదిరింది. కొవ్వొత్తులు ఆర్పేముందు దేవుడి దగ్గర దీపం వెలిగించాలి. బుగ్గలు కట్టిన గది, పటాల ముందు దీపం, బల్ల మీద కేకు. అప్పటి ఫోటోల్లో ఈ మూడూ ఒకే ఫ్రేములో ఉంటాయి.

మరాఠీలో షాహూ పాటోళే 2015లో మరాఠ్వాడా దళితుల వంటల గురించి ఒక పుస్తకం రాశారు. 2024లో అది ఇంగ్లీషులోకి కూడా వచ్చింది. ఎవరి తిండి వంటల పుస్తకాల్లోకి ఎక్కుతుంది, ఎవరిది ఎక్కదు అన్నది ఆయన ప్రశ్న. దాని పక్కన నాకు ఇంకో చిన్న ప్రశ్న ఉంది. ఎవరి వంటా కాని తిండి ఏ పుస్తకంలోకి ఎక్కుతుంది? 2014 తర్వాత తెలంగాణ వంటలకు మంచి గౌరవం వచ్చింది. సకినాలు, సర్వపిండి ఫుడ్ ఫెస్టివళ్లలో కనిపిస్తున్నాయి. సంతోషమే. కానీ వరుసలోని పిల్లలందరూ ఒకే చాప మీద కూర్చుని, ఒకే రకం ప్లేటులో తిన్నది మాత్రం ఆ డాల్డా కేకునే. దాన్ని మన తిండి అనడానికి ఎవరికీ నోరు రాదు.

సమానత్వం కేకు తెచ్చిందని నేను అనడం లేదు. కేకు ఒక గోడను దాటింది, ఇంకో గోడను కట్టింది. పది కిలోమీటర్ల లోపలే ఎన్టీపీసీ టౌన్‌షిప్, ఎఫ్‌సీఐ టౌన్‌షిప్. అక్కడి పార్టీల్లో రిటర్న్ గిఫ్ట్ అనే వస్తువు ఉండేదని వినేవాళ్లం. పుట్టినరోజు వాడికి మనం ఇవ్వాలి గానీ వాడు మనకివ్వడమేంటని మాకు వింత. మా కాలనీలోనే ఆఫీసర్ల బంగళాల పిల్లలు మా కేకుకు వచ్చేవారు కాదు. కంపెనీలో గ్రేడు ఉంటుంది, ప్లేటులోనూ గ్రేడు ఉంటుంది.

సన్నబడ్డ ముక్క

1990-91 నాటికి సింగరేణిలో లక్షా పదహారు వేల మంది దాకా పనిచేసేవారు. ఆ దశాబ్దంలో కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. రెండుసార్లు బీఐఎఫ్‌ఆర్ గడప తొక్కింది. ఆ నాలుగు అక్షరాలు మా పిల్లలకు కూడా నోటికొచ్చు. తర్వాత కంపెనీ తేరుకుని లాభాల్లోకి వచ్చింది. మనుషులు మాత్రం తగ్గుతూ పోయారు. వీఆర్‌ఎస్, యంత్రాలు, ఓపెన్‌కాస్టులు. ఇప్పుడు పర్మనెంటు ఉద్యోగులు నలభై వేల చుట్టుపక్కల. పక్కనే ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. మళ్లీ కొత్త పేరుతో యూరియా తీయడానికి 2021 దాకా పట్టింది.

తారీఖుల ఊరు కదా మాది. 2003 జూన్ 16న సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ వారంలో పుట్టినరోజున్న పిల్లలకు కాలనీలో ఎవరూ కేకు కోయలేదు. చాలా ఇళ్లలో ఆ తర్వాత ఏళ్లలో కూడా జూన్ 16న కోయరు. తేదీ మారుస్తారు, ముందురోజో మర్నాడో చేస్తారు. పుట్టిన తేదీని కచ్చితంగా నేర్చుకున్న ఊరు, అవసరమైతే దాన్ని పక్కకు జరపడం కూడా నేర్చుకుంది.

మళ్లీ తింటే

ఈ మధ్య ఒక డిసెంబర్ 23కి ఊరికి పోయాను. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింగరేణి డే స్టాళ్లు. తిండి స్టాళ్లలో సకినాలు, గారెలు, జొన్న రొట్టె, చికెన్ బిర్యానీ, పానీపూరి. పిల్లలు పానీపూరి దగ్గర, పెద్దలు సకినాల దగ్గర. నేను వెతికింది ఆ రెండూ కాదు. బటర్ క్రీమ్ కేకు కోసం చౌరస్తా దగ్గర నాలుగు బేకరీలు తిరిగాను. మూడింటిలో లేదు. అన్నీ కూల్ కేకులే. బటర్‌స్కాచ్, బ్లాక్ ఫారెస్ట్, పైన అద్దంలా మెరిసే జెల్లీ. ఆ తెల్లటి క్రీము కూడా పాలది కాదు. అమెరికాలోని బఫెలోలో రాబర్ట్ రిచ్ 1945లో సోయా నుంచి తయారుచేసిన విప్ టాపింగ్‌కు వారసురాలు అది. దానికి ఫ్రిజ్ కావాలి. కూల్ కేకు రాజ్యం ఏలిందంటే బేకరీల్లోకి ఫ్రిజ్‌లు వచ్చినందుకే.

నాలుగో బేకరీలో ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, "పాతది కావాల్నా? రేపు పొద్దుగాల రా, చేసి పెడ్త. ఇప్పుడు ఎవ్వలడుగుతలేరు బిడ్డా" అన్నాడు. పేరు ఏం రాయాలని అడిగాడు. ఏమీ వద్దన్నాను. "పేరు లేని కేకు ఏం కేకు?" అని ఆయనే మా బాపు పేరు అడిగి రాశాడు. తెలుగులో, తప్పు లేకుండా.

తిన్నాం. నిజం చెప్పాలంటే నోటికి అంటుకుంది. క్రీము కరగకుండా అంగిలి మీద పొరలాగా నిలబడింది. 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదని నియమం వచ్చింది కాబట్టి, ఇది మేము తిన్న పాత డాల్డా కూడా కాదు. చిన్నప్పటి పదార్థం ఇప్పుడు ఎక్కడా దొరకదు. దొరకకపోవడం గుండెకు మంచిదే. పదేళ్ల మా అబ్బాయి ఒక ముక్క తిని, "ఇది సబ్బులా ఉంది" అని ప్లేటు పక్కన పెట్టాడు. వాణ్ని తప్పుపట్టలేను. వాడికి అది కేకు మాత్రమే.

మా అమ్మ మాత్రం గులాబీని వేలితో తీసుకుని తిన్నది. అన్ని పుట్టినరోజుల్లో ఆమె గులాబీ తినడం నేను చూడలేదు. అది ఎప్పుడూ ఎవరో ఒక పిల్లాడి ముక్కతో పోయేది. "అప్పుడు మీకు కోసిచ్చుడే సరిపోయేది, ఎట్లుంటదో తెల్వనే తెల్వదు" అన్నది. నోస్టాల్జియా అంటాం గానీ, అది తిన్నవాళ్లకే ఉంటుంది. వడ్డించినవాళ్లకు ఆ రుచి ఇప్పుడే మొదటిసారి.

ఇప్పటి తారీఖులు

బాపు తరం వాళ్లకు ఆ జూలై 1 ఒక్కసారి మాత్రం పనికొచ్చింది, ఉద్యోగం దిగిపోయేటప్పుడు. 60 ఏళ్లు నిండితే జూన్ 30న ఆఖరి మస్టర్. 2021లో సింగరేణి ఆ వయసును 61కి పెంచింది. జూన్ చివరలో మా కాలనీలో రిటైర్మెంట్ దావత్‌లు వరుసపెట్టి జరిగేవి. దండలు, శాలువాలు, బగారా, యాట కూర, ఈ మధ్య ఒక కేకు కూడా. ఎవరో అంచనా కట్టి రాసిన తారీఖుకు, అరవయ్యేళ్ల మనిషి చేత మొదటిసారి కేకు కోయిస్తారు. మా బాపు కత్తి పట్టుకుని ఏం చేయాలో తోచక నా వైపు చూశాడు. ఆయన కేకు మీద "హ్యాపీ రిటైర్మెంట్" అని ఉంది. బర్త్‌డే అని రాసినా అబద్ధం కాదు.

ఇప్పటి పిల్లల సంగతి వేరు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన వాళ్లకు బడిలో చేరడం నుంచి ఉద్యోగం దాకా జనన ధ్రువీకరణ పత్రం ఒక్కటే ఆధారంగా చెల్లుతుంది. తారీఖు లేకుండా ఇక ఎవరూ పెరగరు. కానీ తారీఖు వస్తే ప్లేటు రాదు. 2024లో సింగరేణి లాభాల్లో 33 శాతం వాటా కార్మికులకు ఇచ్చింది. పర్మనెంటు వాళ్లకు సగటున లక్షా తొంభై వేల దాకా వచ్చింది. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారి బోనస్ ఇచ్చారు. తలా 5,000 రూపాయలు. ఒకే బొగ్గు, ఒకే దుమ్ము. మా తరంలో పేదింటి ప్లేటుకూ కలిగిన ఇంటి ప్లేటుకూ తేడా ఒక సమోసా. ఇప్పుడు ఒక ఇంటికి రెండు అంతస్తుల కేకు ఆన్‌లైన్‌లో హైదరాబాద్ నుంచి ఆర్డరై వస్తుంది. ఇంకో ఇంటి పిల్లాడు బడిలో పంచడానికి చాక్లెట్ ప్యాకెట్ కొనుక్కుంటాడు.

బాపు పేరు రాసిన ఆ కేకు సగం మిగిలితే అమ్మ దాన్ని ముక్కలు కోసి, మిక్చర్‌తో పాటు కాగితం ప్లేట్లలో పెట్టి వరుసలో ఇంటింటికీ పంపింది. మా పక్క క్వార్టర్లో ఇప్పుడు ఓపెన్‌కాస్టులో పని చేసే కాంట్రాక్టు డ్రైవర్ కుటుంబం కిరాయికుంటోంది. వాళ్ల పాప ప్లేటు ఖాళీ చేసి తిరిగిచ్చేటప్పుడు అందులో నాలుగు సకినాలు పెట్టి తెచ్చింది. అమ్మ ఒకటి విరిచి నోట్లో వేసుకుని, నువ్వులు బాగా పడ్డయని చెప్పి, మిగతావి డబ్బాలో పోసుకుంది.